రేవు బాగైంది, సరుకు రాలేదు: విపత్తుల తర్వాత పునర్నిర్మాణం, ఉత్పాదకత

1995 జనవరి 17 తెల్లవారుజామున వచ్చిన భూకంపం జపాన్‌లోని కోబె నగరాన్ని కుదిపేసింది. దాదాపు 6,400 మంది చనిపోయారు. ఆస్తినష్టం సుమారు 10 లక్షల కోట్ల యెన్‌లు. అంతకు ముందు ఏడాది కోబె కంటెయినర్ల రవాణాలో ప్రపంచంలో ఆరో పెద్ద రేవు. సముద్రాన్ని పూడ్చి కట్టిన దీవుల మీద ఆ రేవు ఉండేది కాబట్టి నేల బురదలా మారిపోయింది, రేవు గోడలు సముద్రం వైపు జరిగిపోయాయి, క్రేన్లు ఒరిగిపోయాయి. జపాన్ పట్టుబట్టి పనిచేసింది. 1997 మార్చి నాటికి రేవు పూర్తిగా బాగైంది. అంత పెద్ద దెబ్బకి రెండేళ్లంటే చాలా తక్కువ టైమే.

సరుకు మాత్రం అలా తిరిగి రాలేదు. 1994లో ఆ రేవు దాదాపు 29 లక్షల కంటెయినర్లను (20 అడుగుల ప్రమాణం లెక్కలో) దాటించింది. ఆ అంకెను మళ్లీ దాటింది 2017లో. పోయిన సరుకులో ఎక్కువ భాగం కోబెలో దిగి అక్కడే అమ్ముడయ్యేది కాదు, ఒక ఓడ నుంచి దించి ఇంకో ఓడలోకి ఎక్కించేది. రేవు పూర్తిగా బాగయ్యే దాకా ఆ రెండేళ్లూ ఓడల కంపెనీలు ఖాళీగా కూర్చోవు కదా. దక్షిణ కొరియాలోని బుసాన్ లాంటి రేవులకు మళ్లాయి, అక్కడ ఒప్పందాలు రాసుకున్నాయి, టైమ్‌టేబుళ్లు మార్చుకున్నాయి. అక్కడ చార్జీలు కూడా తక్కువ. ఇక వెనక్కి రావడానికి కారణమేముంది? నిజానికి బుసాన్ పోటీ భూకంపానికి ముందే మొదలైంది. నెమ్మదిగా పదేళ్లలో జారిపోవాల్సిన వ్యాపారాన్ని భూకంపం ఒక్కసారిగా తోసేసింది.

పునర్నిర్మాణం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఎంత డబ్బు వచ్చింది, ఎన్ని ఇళ్లు కట్టారు, ఎన్ని కిలోమీటర్ల రోడ్డు వేశారు అని లెక్కపెడతాం. ఆ ప్రాంతం మునుపటిలా సంపాదిస్తోందా అన్నది వేరే ప్రశ్న. కట్టడాలు లేచి నిలబడే లోపు అక్కడి కస్టమర్లు, పనివాళ్లు, చిన్న వ్యాపారాలు మిగిలి ఉన్నాయా లేదా అన్నదాని మీదే దానికి జవాబు ఎక్కువగా ఆధారపడుతుంది. కాంక్రీటు పాత్ర ఉంది, కానీ మనం అనుకున్నంత లేదు.

ముందు జీడీపీ చేసే మాయ ఏంటో చూద్దాం. జీడీపీ అంటే ఒక ఏడాదిలో కొత్తగా తయారైన వస్తువుల, సేవల విలువ. ఉన్న ఆస్తి ఎంత అన్నది అందులోకి రాదు. కాబట్టి తుపానులో వెయ్యి ఇళ్లు కూలితే జీడీపీలో ఆ నష్టం నేరుగా కనిపించదు, ఆ వెయ్యి ఇళ్లు మళ్లీ కడితే మాత్రం ఆ ఖర్చంతా కనిపిస్తుంది. ఒక ప్రాంతం ఏడాదికి 100 విలువైన ఉత్పత్తి చేస్తుందనుకుందాం. విపత్తు వల్ల అది 85కి పడింది. బయటి నుంచి వచ్చిన సాయంతో 20 విలువైన నిర్మాణం జరిగింది. మొత్తం 105. పేపర్లో హెడ్డింగ్ "5 శాతం వృద్ధి" అని వస్తుంది. జనం మాత్రం పోయినదాన్ని తిరిగి సంపాదించుకోవడానికి ఏడాదంతా చెమటోడ్చారు. బయటి డబ్బు ఆగిపోయిన రోజు ఆ 20 ఉండదు, మిగిలేది 85 మాత్రమే, లేదంటే ఆ 85 ఎంత పెరిగితే అంత.

ఉత్పాదకత అంటే ఒక మనిషి ఒక గంట పనిలో ఎంత విలువ తయారవుతోంది అన్న లెక్క. నిర్మాణం జోరులో ఇది పెరిగినట్టు కనిపించవచ్చు, తగ్గినట్టూ కనిపించవచ్చు. అసలు సంగతి తెలిసేది నిర్మాణం అయిపోయాకే.

విపత్తు తర్వాత ఉత్పాదకత పెరుగుతుందని వాదించే వాళ్ల దగ్గర ఒక బలమైన ఉదాహరణ ఉంది: బోస్టన్. 1872 నవంబర్ 9 రాత్రి మొదలైన అగ్నిప్రమాదంలో ఆ నగర వ్యాపార కేంద్రంలో 776 భవనాలు కాలిపోయాయి. ఇది ప్రకృతి విపత్తు కాదు, నిజమే. కానీ అప్పటి పన్ను రికార్డులు భవనం భవనానికీ ఉండటంతో ఆర్థికవేత్తలకు ఇలాంటి లెక్క ఇంకెక్కడా దొరకదు. రిచర్డ్ హార్న్‌బెక్, డేనియల్ కెనిస్టన్ వాటిని తవ్వి చూస్తే, కాలిన ప్రాంతంలో భూమి విలువ బాగా పెరిగింది. పక్కన కాలని చోట కూడా పెరిగింది. విడిగా ఒకటి రెండు భవనాలు కాలిపోయి మళ్లీ కట్టుకున్న చోట్ల మాత్రం ఈ లాభం కనిపించలేదు.

చుట్టూ పాత, ఇరుకు కట్టడాలు ఉన్నప్పుడు ఒక్క యజమాని మంచి భవనం కడితే దానికి అద్దె రాదు. ఎందుకంటే ఆ వీధికే విలువ లేదు. కాబట్టి ఎవరూ ముందుకు రారు, అందరూ ఎదుటివాడి కోసం చూస్తుంటారు. మంట అందరివీ ఒకేసారి ఖాళీ చేసింది. పక్కవాడు కూడా కొత్తగా, పెద్దగా కడతాడన్న నమ్మకం ఉంటే నువ్వూ కడతావు. అంటే లాభం కొత్త ఇటుకల వల్ల కాదు, అందరూ ఒకేసారి కదలడం వల్ల వచ్చింది.

ఈ ఉదాహరణను ఎక్కడ పడితే అక్కడ వాడేస్తారు గానీ, ఇది పని చేయడానికి కావలసిన షరతులు చాలా. 1872లో బోస్టన్ దూసుకుపోతున్న నగరం. అక్కడ స్థలానికి గిరాకీ ఉంది, డబ్బు ఉంది. నగరమే జారుతున్న దశలో ఉంటే స్థలం ఖాళీ అయితే ఖాళీగానే ఉంటుంది.

ఇంకో చిక్కు ఏంటంటే, యంత్రం విరిగిపోయిన యజమానికి కొత్త టెక్నాలజీ కోసం ఏడాది ఆగే ఓపిక ఉండదు. ఆర్డర్లు చేజారిపోతుంటాయి, జీతాలు ఇవ్వాలి, అప్పు వాయిదాలు కట్టాలి. పాత మోడలే ఎక్కడ తొందరగా దొరికితే అక్కడ కొనేస్తాడు. బీమా కూడా చాలాసార్లు పోయినదానికి సరిపడా మాత్రమే ఇస్తుంది, అంతకంటే మంచిదానికి కాదు. ప్రభుత్వాల పరిస్థితీ అంతే, వచ్చే వానాకాలంలోపు వంతెన కావాలంటే పాత నమూనానే మళ్లీ పోస్తారు. వేగంగా కడితే పాతదే తిరిగి వస్తుంది, మెరుగ్గా కడదామంటే ఆలస్యం అవుతుంది, ఆలస్యమైతే జనం వెళ్లిపోతారు. ఈ మూడింటి మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కోని ప్రభుత్వం లేదు.

కోబెకే మళ్లీ వెళ్దాం, ఈసారి రేవు వదిలి నగాతా అనే వాడకి. సింథటిక్ చెప్పులు, బూట్లు తయారుచేసే చిన్న వర్క్‌షాపులు అక్కడ ఉండేవి. ఒకచోట ముక్క కత్తిరిస్తారు, పక్క వీధిలో కుడతారు, ఇంకో ఇంట్లో అట్ట అతికిస్తారు, మరో చోట డబ్బాల్లో పెడతారు. ఒక జత చెప్పులు పూర్తయ్యే లోపు నాలుగైదు గుమ్మాలు దాటేవి. భూకంపం తర్వాత రేగిన మంటల్లో ఆ వాడలో చాలా భాగం కాలిపోయింది. ఇప్పుడు కుట్టే వాడు తన మెషిన్లు మళ్లీ కొనుక్కున్నాడనుకోండి, కత్తిరించే వాడు ఊరి అవతల తాత్కాలిక షెడ్డుకి మారాడు, అతికించే ముసలాయన ఇక చాలనుకుని మానేశాడు. మెషిన్లు ఉన్నాయి, పని లేదు. టోకు వ్యాపారులు ఆ సీజన్‌కి చైనా నుంచి తెప్పించుకున్నారు, తర్వాత సీజన్‌కి కూడా అక్కడి నుంచే.

అదే నగాతాలో స్టేషన్‌కి దక్షిణాన సుమారు 20 హెక్టార్లలో నగరపాలక సంస్థ ఎత్తైన భవనాలతో భారీ పునరభివృద్ధి చేపట్టింది. కింద షాపులు, పైన ఇళ్లు. చిన్న కొట్లు నడుపుకునే వాళ్లకు ఆ షాపుల నిర్వహణ ఖర్చులు భారమయ్యాయి. చాలా షట్టర్లు దించే ఉన్నాయి. అమ్ముడుపోని స్థలం నగరం చేతిలోనే మిగిలింది. పావు శతాబ్దం తర్వాత లెక్క చూసుకుంటే నగరపాలక సంస్థకు 3,000 కోట్ల యెన్‌లకు పైగా నష్టం తేలింది. ఇది నాసిరకం కట్టడం కాదు, మంచి కాంక్రీటు, గట్టి పునాదులు. ఎవరి కోసం కడుతున్నారో వాళ్ల పనికి, వాళ్ల సంపాదనకి సరిపోలేదు, అంతే.

మొత్తంగా కోబె కోలుకుందా? జపాన్ జాతీయ లెక్కల్లో ఆ భూకంపం దాదాపు కనిపించదు, అందుకే చాలాకాలం దాన్ని వేగంగా కోలుకున్న ఉదాహరణగా చెప్పుకున్నారు. విలియం డుపాంట్, ఇలాన్ నోయ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వేరేలా చూశారు. కోబె ఉన్న హ్యోగో ప్రాంతం భూకంపానికి ముందు ఎలా నడిచిందో అచ్చం అలాగే నడిచే ఊహా ప్రాంతాన్ని జపాన్‌లోని మిగతా ప్రాంతాల అంకెలు కలిపి తయారు చేశారు. భూకంపమే రాకపోయి ఉంటే హ్యోగో ఎక్కడ ఉండేదో అది చూపిస్తుంది. 2008 నాటికి, అంటే 13 ఏళ్ల తర్వాత కూడా, అసలు హ్యోగోలో తలసరి ఉత్పత్తి ఆ ఊహా హ్యోగో కంటే దాదాపు 12 శాతం తక్కువ. మొదటి రెండేళ్లలో నిర్మాణ ఖర్చు ఈ తేడాను కప్పేసింది. తర్వాతే బయటపడింది.

విపత్తులు వృద్ధిని పెంచుతాయా తగ్గిస్తాయా అని పరిశోధనల మధ్య తగాదా ఉండటానికి ఒక కారణం కూడా ఇదే: దేన్ని దేనితో పోలుస్తున్నారన్నది. 2002లో మార్క్ స్కిడ్‌మోర్, హిడెకి టోయా దేశాలను పోల్చి, తుపానుల్లాంటి వాతావరణ విపత్తులు ఎక్కువగా వచ్చే దేశాల్లో దీర్ఘకాల వృద్ధి ఎక్కువ ఉందన్నారు. 2014లో సోలమన్ షియాంగ్, అమీర్ జినా 1950 నుంచి 2008 వరకు వచ్చిన 6,700 తుపానులను లెక్కగట్టి, పెద్ద తుపాను దెబ్బ తిన్న దేశాల ఆదాయం 20 ఏళ్లయినా పాత దారికి చేరలేదన్నారు. నాకు రెండోదే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది, ఎందుకంటే అది ఒకే దేశం తుపానుకు ముందు, తర్వాత ఎలా నడిచిందో చూస్తుంది. అయితే దేశం మొత్తం సగటులో ఒక జిల్లా కథ మునిగిపోతుందన్న మాట రెండింటికీ వర్తిస్తుంది.

ఇక డబ్బు ఎక్కువగా వస్తే ఏమవుతుంది? 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ఇండోనేషియాలోని అచే ప్రాంతానికి ప్రపంచం నలుమూలల నుంచీ సాయం వెల్లువెత్తింది. వందల సంస్థలు ఒకేసారి ఇటుక, కలప, మేస్త్రీల కోసం పోటీ పడ్డాయి. 2005 చివరికి రాజధాని బందా అచేలో ధరలు ఏడాదిలో దాదాపు 40 శాతం పెరిగాయి. చేపల వేట, వ్యవసాయం వదిలి జనం కూలి ఎక్కువ దొరికే నిర్మాణం వైపు వెళ్లారు. ఏ వస్తువైనా బయటికి అమ్మి బతికే వ్యాపారికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు: ఒకపక్క నష్టం, మరోపక్క కూలి ఖర్చు పెరగడం, అమ్మే ధర మాత్రం అదే. పునర్నిర్మాణ సంస్థ 2009లో తన పని ముగించే సమయానికి ప్రాంతం మొత్తం ఉత్పత్తి కుదించుకుపోతోంది, అక్కడి సహజ వాయువు నిల్వలు తరిగిపోవడం కూడా అందుకు పెద్ద కారణం. అయినా ఇందులో ఇంకో కోణం ఉంది. 2019లో వచ్చిన ఒక అధ్యయనం అచే లోపల సునామీ ముంచిన చోట్లను, ముంచని చోట్లను పోల్చితే, ముంచిన చోట్ల ఉత్పత్తి దీర్ఘకాలంలో ఎక్కువ స్థాయికి చేరింది. అక్కడ ఇళ్లూ రోడ్లూ పాతవాటికంటే మెరుగ్గా కట్టారు. పైగా 2005 ఆగస్టులో కుదిరిన శాంతి ఒప్పందంతో దశాబ్దాల అంతర్యుద్ధం ఆగింది. రోడ్డు వేయడం ఒక ఎత్తు, ఆ రోడ్డు మీద రాత్రిపూట సరుకు లారీ భయం లేకుండా వెళ్లడం ఇంకో ఎత్తు.

అప్పుల రూపంలో వచ్చే సాయం గురించి తక్కువ మంది మాట్లాడతారు. 1923 సెప్టెంబర్ 1న టోక్యో, యోకోహామాలను నేలమట్టం చేసిన భూకంపం తర్వాత, వ్యాపారుల చెల్లింపులు ఆగిపోయి బ్యాంకులు కూలకుండా బ్యాంక్ ఆఫ్ జపాన్ "భూకంప బిల్లుల"ను (ఫలానా తేదీకి కడతామని వ్యాపారులు రాసిచ్చి, భూకంపంతో చెల్లింపు ఆగిన పత్రాలను) స్వీకరించి బ్యాంకులకు డబ్బు ఇచ్చింది. ఆలోచన మంచిదే. కానీ ఆ ముసుగులో భూకంపంతో సంబంధం లేని పాత మొండి బాకీలు కూడా లోపలికి దూరాయి. 43 కోట్ల యెన్‌ల బిల్లుల్లో 1926 చివరికి కూడా దాదాపు సగం వసూలు కాలేదు. అందులో పెద్ద భాగం సుజుకి షోటెన్ అనే వ్యాపార సంస్థకీ, దానికి అప్పులిచ్చిన బ్యాంక్ ఆఫ్ తైవాన్‌కీ చుట్టుకుంది. 1927లో ఇది బయటపడి డిపాజిటర్లు బ్యాంకుల ముందు బారులు తీరారు, దేశమంతా బ్యాంకింగ్ సంక్షోభంలో పడింది. నష్టపోయిన మంచి వ్యాపారాన్ని బతికించడానికి ఇచ్చిన అప్పు, ఎలాగూ మూతపడాల్సిన వ్యాపారాన్ని బతికిస్తే పనివాళ్లూ పెట్టుబడీ తప్పుడు చోట ఇరుక్కుపోతాయి. ఉత్పాదకతకి అంతకంటే దెబ్బ లేదు. ఈ రెండింటినీ విపత్తు జరిగిన మర్నాడు వేరుచేయడం ఎవరివల్లా కాదు. అందుకే ఇలాంటి సాయానికి గడువు తేదీ ముందే రాసి ఉండాలి.

ఇంకో విషయం చాలామంది కలిపేస్తారు: ప్రాంతం కోలుకోవడం, మనుషులు కోలుకోవడం. ఈ రెండూ ఒకటి కావు. 2000 జనాభా లెక్కల్లో న్యూ ఆర్లీన్స్‌లో 4,84,674 మంది ఉన్నారు. 2005 ఆగస్టులో కత్రినా హరికేన్ వచ్చాక, 2010 లెక్కల్లో 3,43,829 మంది. ఇళ్లు కట్టుకోవడానికి ఇచ్చిన ప్రభుత్వ సాయాన్ని మొదట్లో తుపానుకు ముందున్న ఇంటి మార్కెట్ విలువ, మరమ్మతు ఖర్చు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాన్ని బట్టి లెక్కించారు. రెండు ఇళ్లకి మరమ్మతు ఖర్చు ఒకటే అయినా, నల్లజాతి జనం ఎక్కువగా ఉండే వాడలో ఇంటి ధర తక్కువ కాబట్టి అక్కడివాళ్లకు తక్కువ సాయం అందింది. దీనిమీద కోర్టు కేసు నడిచి 2011లో రాజీ కుదిరింది. ఈలోగా చాలామంది హ్యూస్టన్ లాంటి నగరాల్లో స్థిరపడిపోయారు.

తాత్యానా డెరుగినా, లారా కవానో, స్టీవెన్ లెవిట్ పన్ను రికార్డులు చూసి తేల్చిందేమిటంటే, కత్రినా బాధితుల ఆదాయం కొన్నేళ్లలోనే, అదే రకం నగరాల్లో ఉన్న తోటి జనం ఆదాయాన్ని అందుకుని దాటింది. నగరం చిన్నదైంది, మనుషులు సగటున బాగానే తేరుకున్నారు. అలాంటప్పుడు ప్రతి ఒక్కరినీ పాత చోటికే తీసుకురావాలన్న పట్టుదల సరైనదేనా? ఆర్థికంగా చూస్తే కాదనే చెప్పాలి. అయితే ఊరూ, చుట్టాలూ, ఆ వీధిలో ఉన్న పరపతీ పోవడానికి ఏ పన్ను రికార్డులోనూ కాలమ్ ఉండదు.

మళ్లీ టైమ్ దగ్గరికే వస్తాం. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో డబ్బుకి కొదవ లేదు, చాలా ఇళ్లకి బీమా ఉంది. 2010 సెప్టెంబర్‌లో ఒక భూకంపం, 2011 ఫిబ్రవరి 22న 185 మందిని బలిగొన్న మరొకటి, వాటి తర్వాత ఇంకా ప్రకంపనలు. అప్పట్లో అక్కడ ఇంటి నష్టంలో ఒక్కో భూకంపానికి ఒక లక్ష న్యూజిలాండ్ డాలర్ల వరకు ప్రభుత్వ సంస్థ, ఆపైన ప్రైవేటు బీమా కంపెనీ చెల్లించాల్సి ఉండేది. దాంతో ఈ గోడలో ఈ పగులు ఏ భూకంపానిది అని తేల్చాల్సి వచ్చింది! ఇంజనీర్లు, సర్వేయర్లు, లాయర్లు ఇంటింటికీ తిరిగారు, క్లెయిమ్‌లు ఏళ్లకేళ్లు సాగాయి. నేల కదులుతుండగా కొత్త బీమా ఇవ్వడానికి కంపెనీలు ముందుకు రాలేదు, బీమా లేనిదే బ్యాంకు లోన్ ఇవ్వదు, లోన్ లేనిదే పని మొదలవదు. నగర కేంద్రం చుట్టూ వేసిన కంచెను పూర్తిగా తీసింది 2013 జూన్‌లో. అప్పటికే ఆఫీసులు శివార్లలో లీజులు రాసుకుని కూర్చున్నాయి.

జపాన్‌లోనే 2011 సునామీ తుడిచిపెట్టేసిన రికుజెన్‌తకాతా పట్టణంలో, ఊరినే ఎత్తు చేయడానికి పక్క కొండను తవ్వి ఆ మట్టిని భారీ కన్వేయర్ బెల్టు మీద నది దాటించారు. ఇంజనీరింగ్ పరంగా అద్భుతం. 10 మీటర్లకు పైగా నేల లేచింది. అది సిద్ధమయ్యేసరికి చాలామంది వేరే చోట ఇల్లు కట్టుకున్నారు, కొందరు ఊరే వదిలేశారు. ఎత్తు చేసిన స్థలంలో పెద్ద భాగం ఖాళీగా గడ్డి మొలిచి ఉంది. భద్రతని తప్పుపట్టలేం. కానీ ఎంతమంది తిరిగి వస్తారన్న లెక్క ముందు వేసి, దానికి తగినంత స్థలమే ఎత్తు చేసి ఉంటే తొందరగానూ అయ్యేది.

భిన్నమైన కథ కచ్‌ది. 2001 జనవరి 26 భూకంపంలో గుజరాత్‌లో 13,000 మందికి పైగా చనిపోయారు. ఇళ్ల పని ఎక్కువగా యజమానుల చేతికే ఇచ్చారు. డబ్బు విడతలుగా వచ్చేది, ఒక దశ పని ఇంజనీరు చూసి సరే అన్నాకే తర్వాతి విడత. కాంట్రాక్టర్ కట్టించిన కాలనీ కోసం ఎదురుచూడకుండా జనం తమ స్థలంలోనే, తమ పని దగ్గరే ఉన్నారు. ఇది ఒక సగం. రెండో సగం, అదే ఏడాది కేంద్రం కచ్‌లో పెట్టే కొత్త పరిశ్రమలకు ఐదేళ్ల ఎక్సైజ్ సుంకం మినహాయింపు ఇచ్చింది. కాండ్లా, ముంద్రా రేవులు పక్కనే ఉన్నాయి, భూమి విస్తారంగా ఉంది. పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి, జిల్లా రూపురేఖలు మారిపోయాయి. దీన్ని పునర్నిర్మాణ విజయం అనవచ్చు, కానీ రెండు మాటలు పక్కన రాసుకోవాలి. పన్ను మినహాయింపు లేకపోతే వేరే జిల్లాకి వెళ్లాల్సిన ఫ్యాక్టరీ ఇక్కడికి వస్తే జిల్లా ఉత్పాదకత పెరుగుతుంది, దేశానిది పెరిగినట్టు కాదు. రేవులు లేని ఎండు జిల్లాలో ఇదే మినహాయింపు ఇస్తే ఇదే ఫలితం వస్తుందని చెప్పలేం.

ఒక ప్రాంతం నిజంగా కోలుకుందో లేదో ఐదారేళ్ల తర్వాత తెలుసుకోవాలంటే కొన్ని సాదాసీదా అంకెలు చాలు: నిర్మాణం తీసేసి మిగతా రంగాల్లో జీతాలు ఎంత, ఫ్యాక్టరీల కరెంటు వాడకం ఎంత, బడుల్లో పిల్లల సంఖ్య ఎంత, మూతపడిన వ్యాపారాలకి బదులు కొత్తవి ఎన్ని రిజిస్టర్ అయ్యాయి, అక్కడి సరుకు కొనే బయటివాళ్లలో పాతవాళ్లు ఎందరు. ఇవన్నీ ప్రభుత్వాల దగ్గర ఏదో ఒక శాఖలో ఉంటాయి. పునర్నిర్మాణ సంస్థలు ప్రకటించే నివేదికల్లో మాత్రం పూర్తయిన ఇళ్ల సంఖ్య, ఖర్చయిన మొత్తమే మొదటి పేజీలో ఉంటాయి. ఆ సంస్థలు సాధారణంగా నాలుగైదేళ్లకే రద్దవుతాయి, అంటే ఈ అంకెలు అర్థవంతంగా మారే సమయానికి వాటిని అడగడానికి ఎవరూ మిగలరు. నష్టం అంచనా వేసే మొదటి నివేదికలోనే పదో ఏడు లెక్క ఎవరు తీయాలో, ఏ శాఖ నిధులతో తీయాలో రాసిపెడితే, ఆ పని ఏదో ఒక విశ్వవిద్యాలయంలోని ఇద్దరు ఆర్థికవేత్తల ఆసక్తికి వదిలేయాల్సిన అవసరం ఉండదు.